ఆక్స్‌ఫర్డ్ కెనాల్‌లో నాలుగు రాత్రులు, పోయిన ఒక రేవు

ఇంటికొచ్చి మూడు రోజులైంది. బట్టలు రెండుసార్లు వాషింగ్ మెషీన్‌లో తిరిగినా డీజిల్ వాసన పూర్తిగా పోలేదు, మోకాలి మీద కాలువ లాకు (పడవని ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి ఎక్కించి దించే గేట్ల తొట్టె) మెట్టు తగిలిన చోట ఇంకా నల్లగానే ఉంది. మర్చిపోకముందే రాసేస్తున్నాను. ఇంగ్లండ్‌లోని ఈ కాలువ మీద అద్దె పడవలో తిరగడం మాకిది అయిదోసారి, కానీ నాన్న మాతో రావడం ఇదే మొదలు. ఆయనకు 75 ఏళ్లు, పాలకొల్లు దగ్గర లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. రెండేళ్ల క్రితం మేం ఈ కాలువలో పడవ కట్టేసుకుని వీడియో కాల్ చేస్తే, వెనకాల కనబడుతున్న విల్లో చెట్టునీ గట్టునీ చూసి "అచ్చం మన రేవులా ఉందేంటే" అన్నారు. అప్పట్నుంచి మా ఇంట్లో ఆ చోటు పేరు "మన రేవు". నాన్న వీసా కాగితాలు పెట్టినప్పటి నుంచీ నా మనసులో ఉన్నది లండనూ కాదు, ఇంకోటీ కాదు, ఆయన్ని అక్కడ కూర్చోబెట్టి టీ ఇవ్వాలని.

ఆగస్టు 19, 2024, సోమవారం. లోయర్ హేఫర్డ్

నాలుగు రాత్రులకు పడవ అద్దె 980 పౌన్లు. ఆగస్టు సెలవులు కాబట్టి ఆ రేటు, ఏప్రిల్‌లో అయితే చాలా తగ్గుతుంది. డిపాజిట్ వేరే. పడవ అప్పజెప్పే కుర్రాడు సామాన్లన్నీ లెక్కపెట్టి చూపించాడు: లాకులు తిప్పే హ్యాండిళ్లు రెండు, సుత్తి ఒకటి, గట్టున పాతి తాడు కట్టే ఇనుప మేకులు మూడు, పొడుగు గెడ ఒకటి, ఎక్కి దిగడానికి పలక ఒకటి. ఏది పోయినా డిపాజిట్లో కోత, మేకుకి పన్నెండు పౌన్లట. ఈ మేకు సంగతి గుర్తుపెట్టుకోండి.

నారోబోట్ అంటే తెలియనివాళ్లకి: ఇక్కడి సన్నకాలువల లాకులు ఏడడుగుల వెడల్పే ఉంటాయి కాబట్టి పడవ కూడా ఏడడుగుల లోపే. మాది పొడవు మాత్రం 57 అడుగులు. సన్నటి రైలు పెట్టె ఒకటి నీళ్ల మీద తేలుతోందనుకోండి. వేగం ఎంతైనా గంటకి నాలుగు మైళ్లు దాటకూడదు, కట్టేసిన పడవల పక్కనుంచి వెళ్లేటప్పుడు అందులోనూ సగం. స్టీరింగ్ ఉండదు, వెనక నిలబడి చుక్కాని పట్టుకోవాలి, కుడికి తోస్తే ముక్కు ఎడమకి పోతుంది. ఇది బుర్రకెక్కడానికి మా ఆయనకి మొదటిసారి రెండు రోజులు, ఒక పెయింటు గీత పట్టాయి. నాన్న మాత్రం కుర్రాడు చెప్పేది సగం విని, "చుక్కానేగా" అని పట్టుకున్నారు.

ఆ సాయంత్రం రెండు లాకులు ఎక్కి, సోమర్టన్ పచ్చిక బయళ్ల పక్కన ఆగిపోయాం. ఇంటి నుంచి తెచ్చిన పులిహోర, వడియాలు. మా వాడు (పద్నాలుగేళ్లు, ఫోను సిగ్నల్ లేదని అలక) కూడా రెండుసార్లు వడ్డించుకున్నాడు.

ఆగస్టు 20, మంగళవారం. సోమర్టన్ నుంచి ఏన్‌హో, ఆ తర్వాత

సోమర్టన్ డీప్ లాక్ పన్నెండు అడుగుల లోతు. కింది నుంచి ఎక్కేవాళ్లకి అది నాచు పట్టిన నుయ్యిలో దిగినట్టే. పైన గేటు మీద మా ఆయన తల ఒక్కటే కనిపిస్తుంది, ఏం అరుస్తున్నారో వినబడదు. నాన్న పడవలో ఉండనని పైకెక్కి, గేటు దూలానికి వీపు ఆనించి తోశారు. మా దగ్గర లాకుల్ని లాకులనే అంటారు, ఇంగ్లీషు మాటని మేం ఎప్పుడో మా మాట చేసేసుకున్నాం. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తి చేశాక తవ్విన పడవ కాలువలకి లాకులుండేవి, వాటిని తిప్పడానికి లస్కర్లు ఉండేవారు. ఇక్కడ లస్కరు లేడు, ఎవరి లాకు వాళ్లే తిప్పుకోవాలి. నాన్నకి అది నచ్చలేదు. "గవర్నమెంటు ఉద్యోగం ఒకటి తీసేసి మన చేత చేయిస్తున్నారు, దానికి మనం డబ్బు కట్టాం" అన్నారు. ఎదురుగా దిగడానికి ఆగిన పడవ ఆవిడ ఆయన ఏమన్నారని అడిగితే, చెప్పాను. ఆవిడ నవ్వుతూనే ఉంది.

తర్వాతి లాకు ఏన్‌హో వియర్ లాక్, వజ్రం ఆకారంలో వెడల్పుగా ఉంటుంది, ఎక్కేది మాత్రం ఒక్క అడుగే. ఎందుకలా అని మేం నాలుగు ట్రిప్పుల్లో ఒక్కసారీ ఆలోచించలేదు. నాన్న అయిదు నిమిషాలు చూసి చెప్పారు: కింద పన్నెండడుగుల లాకు ఒక్కసారి నిండాలంటే బోలెడు నీళ్లు కావాలి, పై లాకు ఇరుగ్గా, ఒక్క అడుగే ఉంటే అన్ని నీళ్లు దిగవు, అందుకే విశాలం చేశారని. నేను ఫోనులో చూస్తే సరిగ్గా అదే. మాస్టారు మాస్టారే. చార్‌వెల్ నది కూడా అక్కడే కాలువని అడ్డంగా దాటుతుంది.

మధ్యాహ్నం ఏన్‌హో దగ్గర పబ్బులో తిన్నాం, నలుగురికి 74 పౌన్లు. ఫిష్ అండ్ చిప్స్ తిని నాన్న "చేప బాగానే ఉంది గానీ చేపలా లేదు" అన్నారు. గోదావరి వాళ్లకి ఈ వాక్యం వివరించక్కర్లేదు.

ఇక సాయంత్రం సంగతి.

మన రేవు ఏన్‌హోకీ కింగ్స్ సటన్‌కీ మధ్య ఉంటుంది, సరిగ్గా ఎక్కడో రాయను. కాలువకి ఒకవైపు నడకదారి గట్టు ఉంటుంది, పూర్వం గుర్రాలు పడవల్ని తాళ్లతో లాగిన దారి. మామూలుగా అందరూ కట్టేసేది ఆ వైపే. మన రేవు దానికి అవతలి వైపు, పొలం వైపు. అక్కడ ఒడ్డు గట్టిగా, లోతుగా ఉంటుంది, పడవ అంచు నేలకి ఆనుతుంది. విల్లో చెట్టు నీడ. పక్కనే చెక్క లిఫ్ట్ బ్రిడ్జి. ఈ కాలువ మీద ఇలాంటివి చాలా ఉన్నాయి, కాలువ తవ్వినప్పుడు పొలాలు రెండు ముక్కలైతే రైతులు దాటడానికి కట్టిచ్చినవి. అక్కడి నుంచి పొలంలోంచి అడ్డంగా నడిస్తే పది నిమిషాల్లో ఊళ్లో కొట్టు. రోడ్డు చుట్టూ తిరిగితే నలభై.

ఆ పొలం ఒక ముసలాయనది. మొదటిసారి వెళ్లినప్పుడు ఆయన ట్రాక్టర్ ఆపి మమ్మల్ని చూస్తే, తిడతాడని భయపడ్డాను. "గేటు వెయ్యడం మర్చిపోకండి" అన్నాడు, అంతే. గేటు స్తంభానికి చెక్కపెట్టె, అందులో కోడిగుడ్లు, పక్కన డబ్బులేసే రేకు డబ్బా. అరడజను పౌనున్నర. మనిషి ఉండడు, లెక్క ఎవరూ చూడరు. మేం ఆయనతో మొత్తం కలిపి పాతిక వాక్యాలు మాట్లాడి ఉంటాం. దూరం నుంచి చెయ్యి ఊపేవాడు, మేమూ ఊపేవాళ్లం.

వంపు తిరగ్గానే చెట్టు కనిపించింది, నేను నాన్నని పిలిచాను. తర్వాత కంచె కనిపించింది. కొత్త చెక్క స్తంభాలు, రెండు వరసల తీగ, నీళ్ల అంచుకి రెండడుగుల లోపల. చెట్టుకి అటూ ఇటూ రెండు బోర్డులు: ప్రైవేటు స్థలం, పడవలు కట్టరాదు, దారి లేదు. గుడ్ల పెట్టె లేదు.

ఇక్కడ నా తప్పు ఒప్పుకోవాలి. అప్పటికి ఆరున్నరైంది, అందరం అలిసిపోయాం, నేనే "ఒక్క రాత్రేగా, కట్టేద్దాం" అన్నాను. మా ఆయన వెనక మేకు కొట్టారు, మా వాడు ముందు మేకు కొట్టాడు. నాన్న మడత కుర్చీ తీసుకుని కంచెకీ నీళ్లకీ మధ్య ఉన్న రెండడుగుల్లో వేసుకుని కూర్చున్నారు. టీ నీళ్లు మరుగుతుండగానే జీపొచ్చింది.

దిగినతను నలభైల్లో ఉంటాడు, వెనక నల్ల కుక్క. ఇంగ్లీషువాళ్లు మనల్ని వెళ్లిపొమ్మనేటప్పుడు ముందు క్షమాపణ చెబుతారు. మీ సాయంత్రం పాడుచేస్తున్నందుకు చాలా సారీ అన్నాడు, పడవ అందంగా ఉందన్నాడు, నాన్నని చూసి ఎక్కడి నుంచి వచ్చారని అడిగాడు. అన్నీ అయ్యాక, ఇక్కడ ఉండనివ్వలేను అన్నాడు. మేం ఏళ్ల తరబడి ఇక్కడే ఆగుతున్నాం, పాతాయన ఏమీ అనేవారు కాదు అన్నాను. ఆయన చలికాలంలో పోయారని అప్పుడు తెలిసింది. పిల్లలు పొలం అమ్మేశారు, ఇతను కొన్నాడు. కొన్న నెలలోనే ఎవరో పొలంలోంచి వెళ్తూ గేటు తీసి వదిలేస్తే దూడ ఒకటి రైలు పట్టాల దాకా పోయిందట. ఇంకెవరో గడ్డి మీద బార్బెక్యూ పెట్టి, పొద కాల్చి వెళ్లారట. ఇన్సూరెన్సువాళ్లు దారి మూసెయ్యమన్నారట. చెప్తున్నంతసేపూ కుక్క చెవులు నిమురుతూ నిలబడ్డాడు.

పోట్లాడదామంటే పోట్లాడే మాట ఒక్కటీ దొరకలేదు. ముసలాయన పెట్టిన షరతు ఒక్కటే, గేటు. ఎవడో అదే తప్పాడు.

"ఏమంటాడమ్మా?" అన్నారు నాన్న.

"వెళ్లమంటున్నాడు నాన్నా. పొలం ఇతనిదట."

"ఆయన పొలమైతే వెళ్లాల్సిందే. టీ తాగి వెళ్దామని అడుగు."

అడిగాను. అతను ఇబ్బందిగా నవ్వి, పావుగంట అన్నాడు. జీపులో కూర్చుని పావుగంటా అక్కడే ఉన్నాడు. నాన్న తన రేవులో టీ తాగారు, నేను అనుకున్నట్టుగా కాదు గానీ తాగారు.

అద్దె పడవలు చీకటి పడ్డాక నడపకూడదు, ఎనిమిదింపావుకి సూర్యాస్తమయం. హడావిడిగా తాళ్లు విప్పి బయల్దేరాం. నడకదారి వైపు ఒడ్డంతా రెల్లు, బురద. రెండుచోట్ల ప్రయత్నిస్తే అడుగు నేలకి తగిలి పడవ నాలుగడుగుల దూరంలోనే ఆగిపోయింది. మూడోచోట గెడతో తోసి, పలక వేసి, ఎలాగో కట్టాం. ఒకవైపు రైలు లైను, ఇంకోవైపు నుంచి ఎం40 మోటార్‌వే హోరు. గూడ్సు వెళ్లినప్పుడల్లా గ్లాసులు గలగలమన్నాయి. పదకొండింటికి మా వాడు చీకట్లో నెమ్మదిగా అన్నాడు: "అమ్మా, నేను తాడు విప్పాను గానీ మేకు పీకలేదు."

ఆగస్టు 21, బుధవారం. బాన్‌బరీ

పొద్దున ఎవరం సరిగ్గా మాట్లాడుకోలేదు. పెసరట్లేశాను. పడవ కొంచెం ఒక పక్కకి ఒరిగి ఉండటంతో పిండి పెనం మీద ఒకవైపే జారింది. నాన్న ఒక్కరే హుషారుగా ఉన్నారు, రాత్రంతా ఎన్ని రైళ్లు పోయాయో లెక్కపెట్టారు కూడా.

కింగ్స్ సటన్ చర్చి శిఖరం సూదిలా చాలా దూరం మనతోనే వస్తుంది, కాలువ వంపులు తిరిగినప్పుడల్లా కుడికీ ఎడమకీ మారుతూ. బాన్‌బరీ దగ్గరపడుతుంటే ముందు వచ్చేది కాఫీ వాసన, అక్కడ కాఫీ ఫ్యాక్టరీ ఉంది. ఈ కాలువ బాన్‌బరీకి 1778లో చేరింది, ఆక్స్‌ఫర్డ్ దాకా పోవడానికి ఇంకో పన్నెండేళ్లు పట్టింది. ఇప్పుడు పడవలు షాపింగ్ మాల్ గోడని ఆనుకుని ఆగుతాయి, ఆ మాల్ మధ్యలోనే టూలీస్ అనే పడవల మరమ్మతు యార్డు 1790 నుంచి ఉంది. సుత్తి చప్పుడు ఒకవైపు, చెప్పుల షాపు ఒకవైపు.

మా పక్కన కట్టేసిన పడవలో ఒక పెద్దావిడ ఒంటరిగా ఉంటోంది, పడవే ఇల్లు, ఇరవై ఏళ్లుగా. కప్పు మీద మిరప మొక్కలు చూసి నాన్న ఆగారు, ఆవిడ రెండు కోసిచ్చింది. మన రేవు సంగతి చెబితే ఆవిడకీ తెలుసు, ఆవిడ దాన్ని గుడ్ల రేవు అంటుందట. ఒక్కో పడవవాళ్లకీ దానికి ఒక్కో పేరుందని అప్పుడు తెలిసింది.

ఆవిడ చెప్పిన లెక్క ఇది. నీళ్లూ నడకదారీ కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ అనే స్వచ్ఛంద సంస్థ చూసుకుంటుంది, 2012లో ప్రభుత్వ సంస్థ బ్రిటిష్ వాటర్‌వేస్ నుంచి తీసుకుంది. ఆ వైపు మామూలుగా ఒకచోట పద్నాలుగు రోజుల దాకా ఆగొచ్చు. అవతలి ఒడ్డు చాలాచోట్ల ఎవరి పొలం వాళ్లది, అక్కడ కట్టాలంటే వాళ్ల ఇష్టం. మరి ఊళ్లోకి అందరూ నడిచిన ఆ కాలిబాట? ఇరవై ఏళ్లు జనం అడ్డులేకుండా నడిస్తే అది దారిగా మారొచ్చని 1980 హైవేస్ చట్టంలో ఉంది కదా అని రాత్రి రైళ్ల చప్పుడులో నేను చదివిందే అడిగాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. అడక్కుండా, ఎవరి అనుమతీ లేకుండా, హక్కున్నట్టు నడిస్తేనే అది లెక్కలోకి వస్తుంది. ముసలాయన పొలంలోంచి నడవనిచ్చాడు, గేటు వెయ్యమన్నాడు, చెయ్యి ఊపాడు. అంటే అనుమతి ఇచ్చాడు. అనుమతి మీద నడిచినవాళ్లకి ఎన్నేళ్లయినా హక్కు రాదు.

నాన్నకి తెలుగులో చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత మా ఊరి పుంత గురించి ఎత్తారు. పుంత అంటే పొలాల మధ్య బండ్ల దారి, ఊరందరిదీ, సర్వే నంబరు కూడా ఉంటుంది. మా పుంత అటువైపు రైతు ఒక చాలు, ఇటువైపు రైతు ఒక చాలు కలుపుకుంటూ పోయి ఇప్పుడు సైకిల్ కూడా పట్టదు. "అక్కడ దారి అందరిదీ కాబట్టి ఎవడికి వాడు కలిపేసుకున్నాడు. ఇక్కడ ఒకడిది కాబట్టి ఇన్నాళ్లూ అందరూ నడిచారు" అన్నారు. ఏది నయమో మాత్రం చెప్పలేదు. నేనడిగాను కూడా.

బాన్‌బరీ కేకు గురించి రెండు మాటలు. ఎండు ద్రాక్ష, మసాలా పొడి కూరి పొరలు పొరలుగా కాల్చింది. కజ్జికాయని అప్పడాల కర్రతో ఒకసారి నొక్కితే వచ్చే ఆకారం. వేడిగా ఉంటేనే తినండి.

ఆగస్టు 22, గురువారం. వెనక్కి

ఊళ్లోనే పడవ తిప్పుకోవడానికి వెడల్పు చేసిన చోటు ఉంది. 57 అడుగుల పడవని మాల్లో కాఫీ తాగే జనమంతా చూస్తుండగా తిప్పడం అనే పరీక్ష నేను ఈసారి పాసయ్యాను, ఎవరూ చప్పట్లు కొట్టలేదు గానీ.

దారి పొడుగునా నడకదారి పక్కన బ్లాక్‌బెర్రీలు. నాన్నా మా వాడూ పడవ దిగి, పడవతో సమానంగా నడుస్తూ గిన్నెడు కోశారు. అంత నెమ్మదిగా పోతుంది పడవ. బాన్‌బరీ ఆవిడ ఇచ్చిన మిరపకాయలు రెండూ వేసి, బెల్లం లేక పంచదారే వేసి పచ్చడి చేశాను. అన్నంలోకి అద్భుతం. మా వాడి ఫోను మూలన పడి ఉంది, నేను గుర్తుచెయ్యలేదు.

నడుస్తూ నడుస్తూ నాన్న వాడికి చిన్నప్పుడు మా కాలువలో పడవలు ఎలా నడిచేవో చెప్తున్నారు. గుర్రాలు కాదు, మనుషులే తాడు భుజానికేసుకుని గట్టు మీద నడుస్తూ లాగేవారు, పైన బస్తాలు. వాడు "అంత బరువా?" అని నమ్మలేదు. ఒక లాకు దగ్గర ఇంజిను ఆపించి తాడు వాడి చేతికిచ్చారు. పదిహేను టన్నుల పైన ఉండే పడవ మొదట కదల్లేదు, తర్వాత చాలా మెల్లగా కదిలింది, తర్వాత ఆపడం కష్టమైంది. వాడి మొహం చూడాలి.

మధ్యాహ్నం మూడింటికి మన రేవు వచ్చింది. నేను ఇంజిను దాదాపు ఆగినంత నెమ్మది చేశాను. మేకు దిగి వెతకాలా, వదిలెయ్యాలా అని పొద్దున్నుంచీ వాదన. మా ఆయన వద్దంటే వద్దన్నారు, మళ్లీ ఆ జీపు వస్తే తలెత్తుకోలేనని. పన్నెండు పౌన్లు పోతే పోయాయన్నారు.

వెతకక్కర్లేకపోయింది. మొదటి బోర్డు స్తంభానికి, పడవలు కట్టరాదు అన్న అక్షరాల కిందే, మా మేకు వేలాడుతోంది. గడ్డి మోపులు కట్టే నీలం ప్లాస్టిక్ తాడుతో, నీళ్ల వైపు, పడవలోంచి చెయ్యి చాపితే అందేలా కట్టి ఉంది. బురద కూడా తుడిచి ఉంది.

నాన్న ముందు అంచున కూర్చుని ఉన్నారు. "ఇంకొంచెం ఎడమకి, ఇంకొంచెం" అంటూ నన్ను పోనిచ్చి, స్తంభం అందాక ఒక చేత్తో పట్టుకున్నారు. ముడి జారుముడే. విప్పి మేకు ఒళ్లో పెట్టుకున్నారు. పొలంలో ఎవరూ లేరు. అయినా చెయ్యెత్తి ఊపారు.

ఆగస్టు 23, శుక్రవారం. లోయర్ హేఫర్డ్

ఉదయం తొమ్మిదికి పడవ అప్పజెప్పాలి. ముందురోజు రాత్రి సోమర్టన్ దిగువన, నడకదారి వైపు, చెట్టూ చేమా లేని మామూలు ఒడ్డున ఆగాం. పక్క పడవ వాళ్లు గుడ్లు ఎక్కడ దొరుకుతాయని అడిగారు. ఇదివరకు దొరికేవి, ఇప్పుడు బాన్‌బరీ సూపర్ మార్కెట్లోనే అని చెప్పాను.

కుర్రాడు సామాన్లు లెక్కపెట్టాడు. హ్యాండిళ్లు రెండు, సుత్తి, గెడ, పలక, మేకులు మూడు. అన్నీ ఉన్నాయన్నాడు, డిపాజిట్ మొత్తం వెనక్కి వేశాడు. నీలం తాడు వాళ్లది కాదుగా, అది నాన్న జేబులో పెట్టుకున్నారు. నిన్న పాలకొల్లు వెళ్లే సామాను సర్దుతుంటే దాంతోనే ఆవకాయ ఖాళీ జాడీ మూత బిగించి కట్టారు.